నీళ్ళక్క మార్చని నీళ్ళు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప దానితో ఎవరికీ పనిలేదు. ఆ పరిశోధనాలయంలో గేటు దగ్గర కాపలా మనిషి నుంచి పై అంతస్తులో కూర్చునే పెద్ద మేడం దాకా అందరికీ ఆవిడ నీళ్ళక్కే. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని గాజు గొట్టాల్లో నీళ్ళు మార్చడం. వినేవాళ్ళకి ఇదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. అనుకునేవాళ్ళని అనుకోనివ్వండి. ఆ నీళ్ళు మారకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

అక్కడ తయారుచేసేది సిమెంటు. ఇళ్ళు కట్టేది కాదు, ఎముకలు పూడ్చేది. ఎత్తు మీంచి పడ్డవాళ్ళకి మడమ ఎముక లోపల నలిగి గుంత పడుతుంది. ముక్కల్ని పైకి లేపి సరిచేసినా లోపల ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఆ ఖాళీలో ఈ సిమెంటు నింపుతారు. ఎముకలో ఉండే కాల్షియం, ఫాస్ఫేటే ఇందులోనూ ఉంటాయి. టాల్కం పౌడరులా తెల్లగా, మెత్తగా ఉండే పొడిని గాజు పలక మీద పోసి, నాలుగు చుక్కల ద్రవం వేసి, పలచటి రేకుతో గబగబా కలిపితే పళ్ళ పేస్టులా అవుతుంది. పది నిమిషాల్లో రాయి. అంతవరకూ బాగానే ఉంది, చిక్కంతా ఆ తరవాతే. అది రాయిగా ఉండిపోకూడదు. ఒంట్లో నెమ్మదిగా కరిగిపోవాలి, కరిగిన చోటల్లా అసలు ఎముక పెరగాలి. పాత అద్దెవాళ్ళు ఒక్కో గదీ ఖాళీ చేస్తుంటే కొత్తవాళ్ళు ఆ గదిలోకి సామాను దించుకున్నట్టన్నమాట. సిమెంటు కదలనని మొండికేస్తే ఎముకకి చోటుండదు. తొందరపడి ముందే వెళ్ళిపోతే మనిషి బరువుకి కప్పు కూలుతుంది.

ఎంత వేగంగా కరుగుతుందో తేల్చే పని నీళ్ళక్కది. సిమెంటుని మాత్రలంత బిళ్ళలుగా పోసి, ఒంటి వేడికి సమంగా ఉంచిన ఉప్పునీళ్ళలో నానబెడుతుంది. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ నీళ్ళు తీసేసి కొత్తవి పోస్తుంది. ఒంట్లో రక్తం పారుతూనే ఉంటుంది కదా, ఇక్కడ నీళ్ళు నిలవుండిపోతే కరిగిన సరుకుతో నిండిపోయి ఇంకేమీ కరిగించుకోలేవు. అప్పుడు బిళ్ళ కరగడం మానేసి బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. రెండు వారాలకొకసారి బిళ్ళల్ని ఆరబెట్టి తూచి, ఎంత తగ్గాయో రికార్డు పుస్తకంలో రాయాలి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఒక గడిలో టిక్కు పెట్టాలి. ఇదంతా ఆవిడ ఎంత శ్రద్ధగా చేసేదంటే, తన గొట్టాల మీద ఇంకొకరి చెయ్యి పడితే కయ్యిమనేది. కొత్తగా చేరినవాళ్ళు ఆవిడ అరలవైపు వెళ్ళడానికే జంకేవాళ్ళు.

నాలుగేళ్ళ క్రితం ఆవిడ అక్కకి జబ్బు చేసింది. తల్లి పోయాక పెంచి పెద్దచేసింది ఆ అక్కే. ఉండేది బస్సులో నాలుగు గంటల దూరం. డాక్టర్లు రెండు నెలలో మూడు నెలలో అని చేతులెత్తేశారు. సరిగ్గా అప్పుడే ఎనిమిది రకాల మిశ్రమాలు గొట్టాల్లో నానుతున్నాయి. పెద్ద మేడం ఏడేళ్ళ కష్టానికి అదే ఆఖరి పరీక్ష. అయినా ఆవిడ పెద్దమనసుతోనే చెప్పింది.

"నువ్వెళ్ళి అక్క దగ్గరుండు. నీళ్ళ పని ఎవరికైనా అప్పజెబుతాను."

"వద్దు మేడం. వాళ్ళ చేతికిస్తే బిళ్ళలు విరగ్గొడతారు. నేనొచ్చి మార్చి పోతుంటాను. మీకెందుకు, నేనున్నాగా."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. చేతిదాకా వచ్చిన సాయాన్ని కాలదన్నుకోవడం అంటే ఇదే. పది వారాల్లో ముప్ఫైసార్లు రావాల్సిన మనిషి ఏడుసార్లు వచ్చింది. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటలు బస్సులో కూర్చుని, ప్రాణం పోతున్న మనిషిని వదిలి ఎవరు రాగలరు? ఆ సంగతి మేడం వెళ్ళమన్నప్పుడే తట్టాలి. అక్కకి అస్తమానం నోరెండిపోయేది. మంచం పక్కనే గ్లాసుతో నీళ్ళుండేవి. "పాతబడ్డాయే, మార్చవే," అనేది. అప్పుడే పోసినవైనా సరే. చెల్లెలు రోజుకి నలభైసార్లు ఆ నీళ్ళు పారబోసి కొత్తవి తెచ్చేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. గొట్టాల సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా రేపు వెళ్దాంలే అనుకునేది.

అక్క పోయాక ఒక సోమవారం పనిలోకి వచ్చింది. రికార్డు పుస్తకంలో ఇరవై మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆరోజే చెప్పేస్తే ఏమయ్యేది? పరీక్ష మళ్ళీ మొదలుపెట్టేవారు. పెద్ద మేడం మొహం మాడ్చుకుని నాలుగు రోజులు మాట్లాడేది కాదు. మహా అయితే అంతే. కానీ అప్పటికి పదిహేనేళ్ళలో మాట పడని మనిషి ఆ నాలుగు రోజుల మౌనానికి భయపడింది. కూర్చుని ఇరవై మూడు టిక్కులూ పెట్టేసింది. సగం నీలం పెన్నుతో, సగం నల్ల పెన్నుతో, అన్నీ ఒక్కరోజే పెట్టినట్టు కనపడకూడదని.

ఏడుపులో ఉన్నాను, ఒళ్ళు తెలియక చేశాను అని తరవాత తనకి తాను ఎన్నోసార్లు నచ్చజెప్పుకుంది. ఒళ్ళు తెలియని మనిషి రెండో పెన్ను కోసం సొరుగంతా ఎందుకు వెతుకుతుందమ్మా? 

జరగాల్సింది జరిగింది. నీళ్ళు మారని ఆ వారాల్లో బిళ్ళలన్నీ కరగడం ఆపేశాయి. కాగితం మీద లెక్కలు చూసినవాళ్ళకి అన్నీ నత్తనడక రకాలుగా కనిపించాయి. నిజానికి సరిపోయే నాలుగో మిశ్రమాన్ని మరీ మొండిదని పక్కన పెట్టారు. తొందరగా కరిగే ఏడోదాన్ని ఇదీ సరైన వేగం అని ఎంచుకున్నారు. గొర్రెల కాళ్ళలో పెట్టి చూశారు. గొర్రె ఎముక చకచకా పెరుగుతుంది కాబట్టి అక్కడా తేడా బయటపడలేదు. ఆ తరవాత పద్దెనిమిదిమంది మనుషులకి పెట్టారు.

పదిహేడుమందికి బాగానే ఉంది. వాళ్ళ గుంతలు చిన్నవి. పద్దెనిమిదోవాడు గోడలకి రంగులేసే మనిషి. నిచ్చెన మీంచి పడ్డాడు. అతని మడమలో గుంత అందరికంటే పెద్దది. పదకొండో వారంలో ఆ మడమ కుంగిపోయింది. మళ్ళీ కోసి సరిచేయడానికి లోపల ఏమీ మిగల్లేదన్నారు డాక్టర్లు. అందరూ కూర్చుని మాట్లాడుకుని అతని ఫైల్లో ఒక వాక్యం రాశారు. పెద్ద మేడం దాన్ని పైకి చదివింది: "రోగి గడువుకి ముందే కాలి మీద బరువు మోపినట్టు అనుమానం." నీళ్ళక్క గది చివర కుర్చీలో ఉంది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది.

ఇది రెండేళ్ళ కిందటి మాట. ఆరోజు నుంచి ఆవిడకి మనశ్శాంతి లేదు.

రంగులాయన మూడు నెలలకొకసారి ఎక్స్‌రేకి పరిశోధనాలయానికే వస్తాడు. ఎక్స్‌రే గది ఆవిడ గదికి పక్కనే. వరండాలో అతని నడక వినపడుతుంది. ఒక అడుగు నిండుగా పడుతుంది, రెండోది పక్కకి ఒరిగి నేలని రాసుకుంటుంది. మొదట్లో అతనొచ్చిన రోజున మాత్రమే వినిపించేది. తరవాత రాని రోజుల్లోనూ వినపడటం మొదలైంది. పొడి నూరుతుంటే రోలు అదే చప్పుడు చేసేది. బస్సులో వెనకనుంచి ఎవరో అలా వస్తున్నట్టుండేది, తిరిగి చూస్తే టిక్కెట్లిచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాస్త కునుకు పడితే చాలు, అక్క కనపడేది.  చేతిలో గ్లాసు పట్టుకుని, తాగకుండా, చెల్లెలి మొహంలోకి చూస్తూ కూర్చునేది. అక్క దగ్గర గడిపిన రోజులే ఆవిడ జీవితంలో పవిత్రమైనవి. ఇప్పుడు వాటిని తలుచుకోవాలన్నా భయమే. అక్కని తలుచుకుంటే ఆ టిక్కులూ వెంటే వచ్చేవి.

ఇంట్లో ఇంకో పిచ్చి పట్టుకుంది. బిందెలో, బకెట్లో, సీసాలో ఎక్కడ నీళ్ళు కనపడినా పారబోసి కొత్తవి పట్టేది. ఆవిడ భర్త బస్సు డిపోలో మెకానిక్. వేళాకోళం మనిషి.

"ఈ ఇంట్లో నీళ్ళక్కూడా నిలవుండే హక్కు లేదు. నాకెప్పుడు ఉద్వాసనో," అనేవాడు.

ఆవిడ నవ్వేది కాదు. ఒకరోజు అతను వేళాకోళం మాని, ఆవిడ చేతిలో బిందె తీసుకుని కింద పెట్టి, "ఏమైందే? నాతో చెప్పకూడనిదా?" అని అడిగాడు. చెబుదామనుకుంది. పెదాలు కదిలాయి కూడా. అక్క గుర్తొచ్చిందని మాత్రం అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

మూడు నెలల క్రితం పెద్ద మేడం అందరికీ మిఠాయి పంచింది. ఏడో మిశ్రమాన్ని ఇంకో నలభైమందికి పెట్టడానికి అనుమతి వచ్చింది. నీళ్ళక్క చేతిలో మిఠాయి అలాగే ఉండిపోయింది. నలభై మడమలు. ఆరోజే ఏడో మిశ్రమం కొత్తగా కలిపి, పన్నెండు బిళ్ళలు పోసి, తన అరలో వెనకవైపు ఎవరికీ కనపడకుండా నానబెట్టింది. ఈసారి ఒక్క సోమవారం తప్పలేదు, ఒక్క బుధవారం తప్పలేదు, ఒక్క శుక్రవారం తప్పలేదు. జ్వరమొచ్చినా వచ్చింది. ఏమో, ఏడోది నిజంగానే మంచిదేమో, రంగులాయనే తొందరపడ్డాడేమో అని లోపల ఒక ఆశ. మనిషన్నాక ఆశ చావదు. తన తప్పు ఇంకొకరిదై ఉండాలని కోరుకుంటున్నానని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసేది.

మూడోవారం ఒక బిళ్ళ తీసి నొక్కే యంత్రంలో పెట్టింది. యంత్రం మూలిగింది గానీ బిళ్ళ ఒక పట్టాన పగల్లేదు. ఇద్దరు మనుషులు నెత్తినెక్కినా తట్టుకునే బలం. ప్రాణం లేచొచ్చింది. ఎనిమిదోవారానికి ఆ బలం సగానికి పడింది. పదకొండోవారం యంత్రం దాకా వెళ్ళే పనే లేకపోయింది. గొట్టంలోంచి తీస్తుంటే రెండు వేళ్ళ మధ్య బిళ్ళ తడిసిన బిస్కెట్టులా నలిగిపోయింది. నీళ్ళక్క ఆ పిండిని అరచేతిలో పట్టుకుని నేల మీద కూలబడింది.

వెంటనే మేడ మెట్లెక్కాలి. రెండుసార్లు సగం దాకా ఎక్కి దిగింది. చెబితే ఉద్యోగం పోతుంది, అది ఖాయం. పెద్ద మేడం ఇన్నేళ్ళ కష్టమూ గంగలో కలుస్తుంది. మొగుడి మొహం ఎలా చూడాలి? చెప్పకపోతే నలభైమంది. మొదటివాడికి వచ్చే సోమవారమే ఆపరేషన్. శుక్రవారం చెబుదాం, రేపు తప్పకుండా చెబుదాం అనుకుంటూ గురువారం పొద్దున గదిలోకి వచ్చి కూర్చుంది.

పదకొండింటికి వరండాలో ఆ నడక వినపడింది. ఇదీ నా భ్రమే అనుకుంది. ఇంతలో తలుపు దగ్గరికి ఒక ఆడమనిషి వచ్చింది.

"ఎక్స్‌రే మిషన్ బాగవడానికి గంట పడుతుందట అమ్మా. బయట బల్ల మీద ఖాళీ లేదు. మా ఆయన ఎక్కువసేపు నిలబడలేడు. కాస్త లోపల కూర్చోనిస్తారా?"

వెనకాల రంగులాయన. మొహమాటంగా నవ్వుతున్నాడు. నీళ్ళక్క తను కూర్చున్న కుర్చీ జరిపింది.  అతను కూర్చుని చెప్పు విప్పి కాలు చాపుకున్నాడు. మడమ బల్లపరుపుగా, వెడల్పుగా ఉంది. భార్య గదంతా కలియచూసి గొట్టాల దగ్గర ఆగింది.

"ఇదేనా ఆ సిమెంటు?"

"ఇదే," అంది నీళ్ళక్క.

"ఇంత బంగారంలాంటి సరుకు పెట్టి పంపిస్తే పాడుచేసుకొచ్చాడమ్మా మా మహానుభావుడు. ఏమండీ, మీరే చెప్పండి ఆవిడకి, ఏం చేశారో."

"ఊరుకోవే. కనపడ్డవాళ్ళందరికీ చెప్పాలా?"

"చెప్పాలి. ఎనిమిది వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. మూడోవారంలో నేను అలా కూరగాయలకెళ్ళి వచ్చేసరికి గోడ దగ్గర రెండు కాళ్ళ మీద నిలబడున్నాడు, చేతిలో బ్రష్షుతో."

రంగులాయన తల దించుకున్నాడు. "మా గోడ మీద రంగు కారి ఒక చార ఉందండి. మంచమ్మీంచి చూస్తే రోజంతా అదే. అందరి గోడలూ నున్నగా చేసినవాణ్ణి, నా ఇంట్లో అదేంటని ఉండబట్టలేకపోయింది. ఐదు నిమిషాలు. ఒట్టు, అంతకంటే లేదు."

"ఆ ఐదు నిమిషాలకి చూడండి ఏమైందో. రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను, అనకుండా ఉండలేను."

"ఆవిడన్నదాంట్లో తప్పేం లేదండి," అన్నాడతను. "ఎనిమిది వారాలు నిండాక డాక్టర్లు సరేనంటేనే నడిచాను. పదకొండోవారంలో నడుస్తుంటే లోపల ఏదో దిగబడినట్టయింది. ఆరోజు నిలబడ్డ పాపమే ఇదని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు రంగుల కొట్లో డబ్బాలు కలుపుతున్నాను. నిచ్చెన కనపడితే మొహం తిప్పుకుంటాను. నా కాలు నేనే విరగ్గొట్టుకున్నాను, ఎవర్ని అనాలి?"

నీళ్ళక్క బల్ల అంచు పట్టుకుంది. ఈ రెండేళ్ళూ అతని నొప్పి గురించి ఆలోచించింది, పోయిన పని గురించి ఆలోచించింది. తన తప్పుని అతను మోస్తున్నాడని మాత్రం కలలోనైనా అనుకోలేదు. మడమ పోగొట్టింది చాలక ఆ నేరం కూడా అతని నెత్తినే పెట్టింది. అతను దోషి కాదని చెప్పగల మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆ మనిషి నోరు కుట్టేసుకుని కూర్చుంది.

"మూడోవారమేనా?" అని అడిగింది. 

"మూడోవారమే."

"మూడోవారానికి ఆ సిమెంటు రాయిలా ఉంటుందండి. మీరు ఐదు నిమిషాలు కాదు, గంట నిలబడ్డా దానికేమీ కాదు. ఈమధ్యే యంత్రంలో పెట్టి నొక్కి చూశాను. మీరు నిలబడినందుకు కాలు పోలేదు."

భార్యాభర్తలిద్దరూ ఆవిడ వైపు చూశారు.

"మరెందుకు పోయింది?" అంది భార్య.

నీళ్ళక్క చెప్పింది. అక్క జబ్బు, ఏడుసార్లే రావడం, ఇరవై మూడు టిక్కులు, పదకొండోవారం వేళ్ళ మధ్య నలిగిన బిళ్ళ. ఏదీ దాచలేదు, అక్క చావుని అడ్డం పెట్టుకోలేదు. చెబుతున్నంతసేపూ కళ్ళనీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. "తొందరగా కరిగిపోయేదాన్ని మీకు పెట్టారు. పెట్టేలా చేసింది నేను," అంది.

 రంగులాయన వంగి తన మడమని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయితే నేను కాదు," అన్నాడు.

"మీరు కాదు."

"మీ మీద కోపం రేపొస్తుందేమో నాకు. తప్పకుండా వస్తుంది. ఇవాళ మాత్రం..." అని ఆగిపోయాడు. అంత మనిషి మొహం కప్పుకుని ఏడ్చాడు.

భార్య కొయ్యబారిపోయి నిలబడింది. ముందుగా తేరుకుందీ ఆవిడే. "మీ పెద్దావిడ గది ఎక్కడ?" అంది. "ఈ మాట ఆవిడ ముందు కూడా అనండి. నోటిమాట కాదు, కాగితం మీద రాయండి. ఈయన తప్పు లేదని రాయండి."

ముగ్గురూ మేడ మీదికి వెళ్ళారు. పెద్ద మేడం రికార్డు పుస్తకం ముందేసుకుని ఆ పది వారాల పేజీలు ఒక్కొక్కటీ తిప్పింది. అరవలేదు, ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని నీళ్ళక్కకి అనిపించింది. చివరికి ఆవిడ ఫోను తీసి ఆసుపత్రికి చేసి, సోమవారం ఆపరేషన్ ఆపేయమని, ఆ తరవాతవి కూడా అన్నీ ఆపేయమని చెప్పింది. ఫోను పెట్టేసి తెల్లకాగితం ఒకటి నీళ్ళక్క ముందుకి జరిపింది.

నీళ్ళక్క నిలబడే రాసింది. అరపేజీ అయింది. కింద తల్లిదండ్రులు పెట్టిన పేరుతో సంతకం చేసింది. రంగులాయనకి చదువు అంతంతమాత్రం, చదివి వినిపించమన్నాడు. ఆవిడ చదివింది: నీళ్ళు మార్చకుండానే మార్చినట్టు నమోదు చేశాను. అందువల్ల తప్పుడు మిశ్రమాన్ని ఎంచుకున్నారు. మూడోవారంలో రోగి నిలబడటం వల్ల ఎముకకి ఎలాంటి హానీ జరగలేదు. ఇందులో రోగి తప్పు ఏమాత్రం లేదు.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకోసారి చదవండి," అన్నాడు.

రెండోసారి చదివింది. భార్య పక్కకొచ్చి నిలబడి, అతని భుజం మీద చెయ్యేసింది. 

"నాకు సరిగ్గా వినపడలేదమ్మా," అంది ఆవిడ. "కాస్త గట్టిగా చదవండి."

నీళ్ళక్క గొంతు సవరించుకుని మొదటినుంచి మళ్ళీ చదివింది.